పుస్తకం కాని సాక్ష్యం

సాక్ష్య సాహిత్యం మీద కొన్నేళ్ల కిందట ఒక పత్రం రాశాను. అందులో కంబోడియా పాత్రికేయుడు డిత్ ప్రాన్‌కి ఎనిమిది పేజీలిచ్చాను. వాకపల్లికి దక్కింది ఒక పాదసూచిక. సదస్సు అయ్యాక అరకు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని అడిగింది: "మా పక్కవాళ్ల గురించి ఇంతేనా మేడమ్?" "వాళ్లు పుస్తకమేదీ రాయలేదు కదమ్మా" అన్నాను. ఆ జవాబు నన్నిప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ప్రాన్ న్యూయార్క్ టైమ్స్ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్‌కి దుబాసీ, సహచరుడు. 1975 ఏప్రిల్‌లో నామ్‌పెన్ ఖ్మేర్ రూజ్ వశమైన రోజు వాళ్లని బతిమాలి షాన్‌బర్గ్ ప్రాణం కాపాడింది ఆయనే. షాన్‌బర్గ్ దేశం దాటాడు, ప్రాన్ దాటలేకపోయాడు. చదువుకున్నవాళ్లని ఏరి చంపుతున్న కాలం. ఇంగ్లీషు, ఫ్రెంచి వచ్చని తెలియనివ్వకుండా టాక్సీ డ్రైవర్నని చెప్పుకున్నాడు. మాటే వృత్తిగా బతికినవాడు మాటని దాచుకుని ప్రాణం నిలుపుకున్నాడు. 1979లో థాయ్‌లాండ్ చేరాక, 2008లో చనిపోయేదాకా ఆ మారణకాండ గురించి చెబుతూనే ఉన్నాడు.

అయితే ఆయన కథని 1980లో రాసింది షాన్‌బర్గ్. 1984 నాటి 'ది కిల్లింగ్ ఫీల్డ్స్' సినిమాకి ఆధారం అదే. 1997లో ప్రాన్ పేరుతో వచ్చిన పుస్తకం, పసితనంలో ఆ కాలాన్ని దాటివచ్చిన ఇతరుల జ్ఞాపకాల కూర్పు. అంటే 'ప్రాన్ పాఠ్యం' అంటూ నేను విశ్లేషించినదాంట్లో చాలా భాగం షాన్‌బర్గ్ వాక్యమే! సొంత పుస్తకం లేకపోవడం ఆయన విషయంలో నాకు అడ్డు రాలేదు మరి.

2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని వాకపల్లికి చెందిన 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఊరు జి.మాడుగుల మండలంలోది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. కేసు హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ వెళ్లి వచ్చి, 2018లో గాని విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో విచారణ మొదలవలేదు. 2023 ఏప్రిల్ 6న కోర్టు నిందితులని నిర్దోషులంది. దర్యాప్తు సరిగా జరగలేదనీ అంది, ఆ స్త్రీలకు పరిహారమివ్వమనీ అంది. అప్పటికే వాళ్లలో ఇద్దరు లేరు.

దీన్ని కంబోడియాతో తూచడం లేదు. అక్కడ సుమారు 17 లక్షల మంది చనిపోయారు. జాతిహననం అన్న మాటని ఎక్కడపడితే అక్కడ వాడకూడదు. నేను పక్కపక్కన పెడుతున్నది మనం వినే తీరుని. ప్రాన్ మాటని మోయడానికి ఒక స్నేహితుడున్నాడు. ఈ స్త్రీల మాటని మోయాల్సింది దర్యాప్తు. మోసినవాళ్లు జారవిడిస్తే నష్టపోయింది మాట్లాడినవాళ్లు. కోందుల భాష కువి. ఠాణాలో, కోర్టులో కాగితం నడిచేది తెలుగులో, ఇంగ్లీషులో. అయినా పదిహేనేళ్లకు పైగా అదే మాట మీద నిలబడ్డారు. పునరుక్తిని గాయపు లక్షణంగా చదవడం మా సిద్ధాంతాలు నేర్పాయి. ఈ పునరుక్తిలో గాయంతోపాటు కొండ దిగి కోర్టు మెట్లెక్కే పట్టుదల కూడా ఉంది. వీళ్లనా మనం 'గొంతులేనివాళ్లు' అని రాస్తున్నది?

ఆ పత్రం తిరగరాస్తున్నాను. పాదసూచిక అధ్యాయమైంది గానీ ఒక చిక్కు మిగిలింది. గ్రంథసూచి రచయితల పేర్ల వరసలో నడుస్తుంది. వీళ్ల పేర్లు అచ్చువేయడానికి చట్టం ఒప్పుకోదు. ప్రస్తుతానికి 'వ' కింద ఊరి పేరుతో చేర్చాను.