పేర్లు వేరు, పట్లు ఒకటే

బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్టల్లో సాయంత్రం పూట పిల్లల్ని కరాటేకో తైక్వాండోకో తీసుకెళ్లే తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట, వీటిలో ఏది గొప్పది అని. కరాటే, కుంగ్‌ఫూ, కిక్‌బాక్సింగ్ మూడూ ఒకే బోర్డు మీద రాసి ఉన్నా ఆ సందేహం తీరదు. అసలు ఆ ప్రశ్నే సరైంది కాదు. మనిషికి ఉన్నవి రెండు కాళ్లు, రెండు చేతులు, ఒక నడుము. తూకం తప్పితే ఎవరైనా పడాల్సిందే. అందుకే ఎక్కడ పుట్టిన యుద్ధవిద్య అయినా చివరికి కొన్ని ఉమ్మడి పద్ధతుల దగ్గరికే చేరింది. ఎంచుకోవాల్సింది పేరును కాదు, ఆ పద్ధతుల్ని నేర్పే తీరును.

పాతబస్తీ తాలింఖానాల్లో, అంటే కుస్తీ నేర్పే చోట్ల, పహిల్వాన్లు వేసే ‘ధోబీ పాట్’ను తీసుకోండి. ఎదుటివాడి చేతిని పట్టి లాగుతూ గిర్రున వెనుదిరగాలి. మోకాళ్లు వంచి తన నడుమును అతని నడుము కన్నా కిందికి దించాలి. ఆ చేతిని భుజం మీదికి తీసుకుని ముందుకు వంగితే, చాకిరేవులో బట్టను బండకేసి కొట్టినట్టు మనిషి వచ్చి మట్టిలో పడతాడు. ఇక్కడ బలం రెండో సంగతి. ముందు లాగడం వల్ల అతని బరువు కాలి వేళ్లు దాటి ముందుకు రావాలి. అది రాకపోయినా, పట్టు వేసేవాడు నడుము దించకపోయినా, బరువంతా వేసినవాడి వెన్ను మీదే పడుతుంది. 1882లో టోక్యోలో జిగోరో కానో స్థాపించిన జూడోలో ‘ఇప్పోన్ సెయోయి నాగే’ అనే పట్టు చూస్తే లాగడం, తిరగడం, కిందికి దిగడం అదే వరసలో ఉంటాయి. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారేమో అని అనుమానం రావచ్చు. కానీ ఈజిప్టులోని బేనీ హసన్‌లో దాదాపు 4000 ఏళ్ల నాటి ఒక సమాధి గోడ మీద రెండు వందలకు పైగా కుస్తీ జంటల బొమ్మలున్నాయి. వాటిలో నేటి గోదాలో కనిపించే పట్లను గుర్తుపట్టడం కష్టం కాదు. మన దక్కనులో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం రాస్తూ మల్లవిద్యకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. దూరాలూ కాలాలూ ఇంత వేరైనా పట్లు కలిశాయంటే, కారణాన్ని శరీరంలోనే వెతకాలి.

గుద్దుల్లోనూ అంతే. బాక్సర్ వెనక చేత్తో కొట్టే తిన్నని గుద్దు, కరాటేలోని ‘గ్యాకు జుకీ’ రెండూ పాదం దగ్గరే మొదలవుతాయి. వెనక కాలు నేలను తన్నుతుంది, నడుము తిరుగుతుంది, భుజం ఆ వేగాన్ని అందుకుంటుంది, పిడికిలి చివర వస్తుంది. తేడా ఖాళీగా ఉన్న చేతిలో ఉంది. బాక్సర్ దాన్ని గడ్డం దగ్గర కాపలా ఉంచుతాడు, కరాటేలో అది తుంటి దగ్గరికి పోతుంది. ఎదుటివాడి చెయ్యి పట్టి లాగడానికే అలా పెట్టారని కరాటేలో ఒక వివరణ ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు కూడా చేతిని తుంటి దగ్గరే ఉంచడం మాత్రం మొహాన్ని అప్పగించడమే.

మరి అన్నీ ఒకటైతే ఇన్ని శైలులెందుకు? శైలిని చాలావరకు పోటీ నియమాలు మలుస్తాయి. ఒలింపిక్ తైక్వాండో పోటీల్లో మొహం మీద గుద్దకూడదు, తలకు తగిలిన తన్నుకు ఎక్కువ పాయింట్లు. అందుకే ఆటగాళ్లు చేతులు దించుకుని తిరుగుతారు. జూడోలో 2010 నుంచి చేతులతో నేరుగా కాళ్లు పట్టి పడేయడాన్ని నిషేధించారు, కుస్తీలో అది రోజువారీ పని. కుస్తీలో వీపు నేలకు అంటితే ఓటమి కాబట్టి పహిల్వాన్ బోర్లా తిరుగుతాడు. మెడ నొక్కడాన్ని అనుమతించే జియు జిట్సులో అలా వీపు ఇచ్చినవాడి పని అయిపోయినట్టే.

ఏ శైలీ గొప్పది కాదన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో వేర్వేరు శైలులవాళ్లు చాలా తక్కువ నియమాలతో తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో రాయిస్ గ్రేసీ ఒక్క రాత్రిలో ముగ్గుర్ని లొంగదీసి బ్రెజిల్ జియు జిట్సుకు పేరు తెచ్చాడు. అంటే ఒక శైలి మిగతావాటికన్నా మేలనే కదా? ఆ రాత్రికి అవును. అయితే ఆ విద్య బ్రెజిల్ చేరింది మయేదా అనే జూడో వీరుడి ద్వారా. తర్వాత కొన్నేళ్లలోనే బాక్సర్లూ కుస్తీవాళ్లూ అందరూ దాన్ని నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ బరిలోకి ఎవరు దిగినా తిన్నని గుద్దులు, తొడ మీద తన్ను, కాళ్లు పట్టి పడేయడం, మెడ పట్టు, ఇవే కలిపి వాడతారు. నియమాల నుంచి స్వేచ్ఛ పెరిగినకొద్దీ శైలులు దగ్గరయ్యాయి.

బరిలో పనికొచ్చేవి ఇవే అయితే, కరాటేలో ఒంటరిగా చేసే కదలికల వరసలైన కటాలు, పీర్ల పండుగకూ దసరాకూ చూసే కర్రసాము విన్యాసాలు దండగ అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఒప్పుకోలేం. అడుగు, దూరం, కర్ర తిరిగే కోణం శరీరానికి అలవాటయ్యేది వాటివల్లే. కానీ ఎదురు తిరిగే మనిషి లేకుండా అక్కడితోనే ఆగితే అది ప్రదర్శనే. ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ గడువు మూడు నెలలు. అంత తక్కువ వ్యవధిలో కటాలకు సమయం ఖర్చు చేయడం కన్నా దూరం పాటించడం, పట్టు విడిపించుకోవడం, పడినా లేచి పరుగెత్తడం నేర్పడం న్యాయం. మీ పిల్లల్ని చేర్పించే ముందు ఒక గంట కూర్చుని క్లాసు చూడండి. ఎదుటి పిల్లాడు నిజంగా ప్రతిఘటిస్తున్నాడా, కింద పడటం ముందుగా నేర్పుతున్నారా గమనించండి. ఈ రెండూ లేకపోతే, బెల్టు రంగు ఏదైనా, ఫీజు కట్టకండి.