పూర్ణమ్మ వెనుక మిగిలినవారు

గురజాడ అప్పారావుగారి (1862–1915) ‘పూర్ణమ్మ’ను కన్యాశుల్క దురాచారమును ఖండించు గేయకథగా బోధించుట మన తరగతులలో పరిపాటియైనది. అది తప్పు కాదు, కాని చాలదు. ధనమునకు లోబడి తల్లిదండ్రులు బాలికను వృద్ధునికి ముడివేయుట కథకు కారణము. కథ ముగిసిన పిదప మనస్సున నిలుచునది వేఱు. ప్రొద్దు క్రుంకినది, పసులు మందలు చేరినవి, ఆ బిడ్డ యింటికి రాలేదు. ఈ రాకపోవుటను కవి మరల మరల చెప్పినాడు, చెప్పినది యింటివైపునుండి. కొలనికడ నేమి జరిగినదో ఒక్క మాటయు లేదు. ఎదురుచూచువారి చూపు మాత్రమే కలదు.

అంతకు ముందున్న వీడ్కోలు ఘట్టమును నిదానముగా చదువవలెను. అత్తవారింటికి పోవు పిల్ల పలుకులని తోబుట్టువులు విన్నవి నిజమునకు మరణశాసనము. తల్లిదండ్రులను కనిపెట్టుకొనుడనుట, దుర్గకు పూలు తెచ్చు తన పనిని వారి కప్పగించుట లోకసామాన్యములే. కాని నలుగురు కూడి నవ్వుకొనువేళ తన పేరు తలచుమనుటయు, వారి బిడ్డలలో నొకతెకు ఆ పేరు పెట్టుమనుటయు సామాన్యములు కావు. ఏడ్చువేళ తలచుమని ఆమె యడుగలేదు.

ఆత్మహత్య జరిగిన యింట మొట్టమొదట మాయమగునది ఆ పేరే. ఇతర మరణములలో దుఃఖము పదిమందిలో ఏడ్చినకొలది తేలికపడును. ఇక్కడ అపవాదభయము నోరు నొక్కును. ‘నేను కనిపెట్టి యుండవలసినది’ అను ఆత్మనింద లోపల మిగులును. పెద్దల దీవెనలు విని పూర్ణమ్మ పక్కున నవ్వినది. పిన్నలను కౌగిట చేర్చుకొని కంట నీరు పెట్టినది. అప్పుడు పుట్టింటి బెంగగా తోచిన ఆ కన్నీటిని తమ్ములు పిదప నెన్నిమార్లు తలపోసికొని యుందురో!

ఈ బాధ శరీరమునకును సోకును. డెన్మార్కులో 1980–2014 నాటి ప్రభుత్వ నమోదుపట్టికల నాధారముగా చేసికొని 2017లో వెలువడిన పరిశోధనయందు, ఆత్మహత్యచే భార్యనో భర్తనో కోల్పోయినవారికి మనోవ్యాధులే గాక నిద్రకు సంబంధించిన రుగ్మతలును, కాలేయము గట్టిపడు వ్యాధియు సామాన్యజనులకన్న హెచ్చుగా కనబడినవి. బ్రిటనులో 2016లో ప్రకటితమైన మఱియొక పరిశోధన, ఆప్తులను ఆకస్మికముగా కోల్పోయిన 18–40 ఏండ్లవారిని 3,432 మందిని విచారించినది. ఆకస్మిక సహజమరణముచే ఆప్తులను కోల్పోయినవారికన్న, ఆత్మహత్యచే కోల్పోయినవారు తామును ఆ యత్నమునకు దిగు అవకాశము 65 శాతము హెచ్చు. రక్తబంధ మున్నను లేకున్నను ఫలితమొక్కటే. వగచినవారిలో వదినెలను గూడ కవి చేర్చుట నాకిప్పుడు యాదృచ్ఛికముగా తోచుట లేదు.

ఆనాడు అల్లుని తలచుకొని ఆనందించినవాడు తండ్రి యొక్కడే. మరునాటి తండ్రిని కవి చూపలేదు. ‘కన్యాశుల్కము’లో వెంకమ్మ నూతిలో పడి బ్రతికినది, అగ్నిహోత్రావధానులు పట్టు విడువలేదు, ప్రహసనము సాగినది. ఇచ్చట నట్టి వీలు లేదు. పూర్ణమ్మ మాత్రము తండ్రిని నిందింపక, అతనిని గూడ కనిపెట్టుకొనుడని అన్నదమ్ములను కోరినది. తన పిదప ఆ యింట ఒకరినొకరు దూషించుకొందురని ఆమె యెఱుగును కాబోలు.

గేయము తుదిని నేను సంకోచము లేక మెచ్చలేను. ఆమె కన్నుల కాంతి కలువలను, నడక హంసలను, ఆమె దుర్గను చేరినదన్నప్పుడు మరణము మధురమగుచున్నది. అకాలమరణము నొందిన స్త్రీని పేరంటాలుగా కొలుచు ఆచారము తీరాంధ్రపు పల్లెలలో నున్నదే. అది కుటుంబమునకు ఊరట. కారణమును కప్పు తెరయు నదియే. కూతురు దుర్గను చేరినదని నమ్మిన తండ్రి కాసుల సంగతి యెత్తనక్కరలేదు. పూర్ణమ్మ గుడి నడుగలేదు, పేరు నిలుపుమన్నది. వీడ్కోలు మాటలకును ముగింపునకును గల యీ పొందికలేమిని గురజాడ తెలిసియే యుంచెనో లేదో నిర్ణయించుట కష్టము. పేరంటాండ్ర పాటలను సేకరించు పరిశోధకవిద్యార్థులు, ఆ కథలలో మిగిలిన తోబుట్టువుల గతి యేమైనదో కూడ వ్రాసికొని వచ్చినచో ఈ చర్చ ముందునకు సాగును.