ఇంజిన్ ఒక్కటే మారదు

పాత స్పోర్ట్స్ కారులోంచి ఇంజిన్ దించడం పెద్ద పనేం కాదు. చైన్ పుల్లీ, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే దిల్లీ మాయాపురి పాత విడిభాగాల బజారులో భోజనాల వేళకి బానెట్ కింద చోటు ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీలో అంతకంటే పెద్దది కూర్చోబెట్టాలన్న కోరిక పుట్టాకే అసలు పని మొదలవుతుంది.

తెలివైన ఉస్తాద్ ముందే నడిచే ఇంజిన్ తేడు. లోపలి సరుకంతా తీసేసిన ఉత్త బ్లాక్‌ని, గేర్‌బాక్స్‌ని జోడించి కొలతకి పెట్టి చూస్తాడు. ఆయిల్ సంపు కింద క్రాస్ మెంబర్‌కి తగులుతోందా, ఎగ్జాస్ట్ గొట్టం స్టీరింగ్ రాడ్‌కి అడ్డమొస్తోందా, బానెట్ మూసుకుంటుందా అని అన్నీ చూశాకే మౌంటింగ్‌లకు చుక్క వెల్డింగ్ పెడతాడు. గేర్‌బాక్స్ వాలూ, వెనక డిఫరెన్షియల్ వాలూ ఒకదానికొకటి సరిపోవాలి. లేకపోతే ఎనభై దాటగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ సీటు కిందనించి వణుకు పుట్టిస్తుంది. వియ్యం కుదిరాక ఇల్లంతా మార్చుకోవాల్సొచ్చినట్టు, ఆ తర్వాత క్లచ్, రేడియేటర్, ముందు స్ప్రింగులు, క్రౌన్ పినియన్ ఒకదాని వెనక ఒకటి వంతుకొస్తాయి. అన్నిటికంటే ముందు రావాల్సిన బ్రేకులు మాత్రం సాధారణంగా ఆఖర్న గుర్తొస్తాయి. 1955 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీఏకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వేగం పెంచే ముందు ఆపే దారి చూసుకోవాలి కదా!

ఆ ఎంజీఏకీ మనకీ ఓ చుట్టరికం ఉంది. దాని బానెట్ కింద ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. మన అంబాసిడర్‌ని ఏళ్ల తరబడి లాగింది కూడా ఆ కుటుంబపు 1489 సీసీ ఇంజినే. స్పోర్ట్స్ కారులో రెండు కార్బురేటర్లతో చిందులేసింది, ఇక్కడ సర్కారీ తెల్ల కారులో బరువు మోసింది. దిగుమతి విడిభాగాలు కనబడని రోజుల్లో పాత విదేశీ కార్లకి అంబాసిడర్ సామానూ, జీపు సామానూ తగిలించి నడిపించిన దేశం ఇది. అప్పట్లో దాన్ని ఎవరూ మార్పు అనలేదు, రిపేరు అన్నారు.

పెద్ద ఇంజిన్ కూర్చోబెట్టే పని కంపెనీలే చేశాయి. ట్రయంఫ్ వాళ్లు 1147 సీసీతో వచ్చిన స్పిట్‌ఫైర్‌లో ఆరు సిలిండర్ల 1998 సీసీ ఇంజిన్ పెట్టి, పైకప్పు వేసి 1966లో జీటీ6 అన్నారు. ఇంజినీర్లకి అదేం గొప్ప సుఖం ఇవ్వలేదు. ముక్కు బరువెక్కింది, వెనక సస్పెన్షన్ మలుపుల్లో భయపెట్టింది, రెండేళ్లకి దాన్ని మార్చాల్సొచ్చింది. ఎంజీబీ జీటీ వీ8 మాత్రం అదృష్టవంతురాలు. 1973లో అందులో వేసిన 3528 సీసీ రోవర్ ఇంజిన్ అల్యూమినియంది కాబట్టి, పాత ఇనుప నాలుగు సిలిండర్ల ఇంజిన్ బరువుకి ఇంచుమించు సరిపోయింది. గుర్రాల సంఖ్య చూసి ఇంజిన్ ఎంచుకునేవాళ్లకి నేను ముందు కాటా చూడమంటాను.

మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాకి మొదట పాత 1489 సీసీ ఇంజినే ఇచ్చింది. అంత పొడుగూ ఒడ్డూ ఉన్న బండికి అది ఆనలేదు. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ పెట్టాకే కాంటెస్సా కాంటెస్సా అయింది. స్పోర్ట్స్ కారు కాదంటే ఒప్పుకుంటాను గానీ, మన కుర్రకారు కలల్లోకి వచ్చింది మాత్రం అదే.

ఇక దిల్లీ సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి, 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అక్షరాలున్న నంబరిస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ వీటిలో మార్పు చేసి ఉండకూడదు. నిత్యం తిప్పుకోవడానికి కాదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, మరమ్మతుకో బయటికి తీయొచ్చు. ఇదీగాక 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. అంటే 1958 ఎంజీఏలో పెద్ద ఇంజిన్ వేసినవాడు ఆ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాంటెస్సాది త్రిశంకు స్వర్గం. పెట్రోలు బండి పదిహేనేళ్లు దాటితే రాజధాని ప్రాంతంలో రోడ్డెక్కే హక్కు పోతుంది. వింటేజ్ కావాలంటే యాభై నిండాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఊరట ఇచ్చినా, డిసెంబరులో దాన్ని బీఎస్-4 కాలుష్య ప్రమాణం, ఆపైవాటికే పరిమితం చేసింది, అంతకంటే పాతదైన కాంటెస్సాకి అది అందదు. ఇంజిన్ తీసేసి ఆమోదం పొందిన ఎలక్ట్రిక్ కిట్ బిగించుకునే దారి మాత్రం దిల్లీ ప్రభుత్వం 2021లోనే తెరిచింది. అంటే గుండెని పూర్తిగా తీసేయొచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు!

ఈ గాలిలో పొగ తగ్గించాలనడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఎంజీఏ ఉన్నవాడెవరైనా సలహా అడిగితే ఇంజిన్ ముట్టుకోవద్దంటాను. అది పోతే మళ్లీ రాదు. పాత 1489 సీసీ కాంటెస్సా ఉన్నవాడైతే ఇసుజు వేసుకోమంటాను. అది కంపెనీ తానే చేసిన మార్పు, గేర్‌బాక్స్‌తో సహా దొరికితే సగం పని తప్పుతుంది. ముందు మాత్రం ఆర్‌టీఓ ఆఫీసులో ఇంజిన్ నంబరు మార్పుకి ఏ కాగితాలు కావాలో కనుక్కుని, దిల్లీ దాటి బండిని నమోదు చేసుకునే రాష్ట్రానికి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని, ఆ తర్వాతే చైన్ పుల్లీ తగిలించమంటాను.