భవనంతోపాటు ఊరూ

కొత్త భవనాన్ని ఫొటో తీయాలంటే చాలామంది మనుషుల్ని పక్కకు జరగమంటారు. డచ్ ఫొటోగ్రాఫర్ ఇవాన్ బాన్ ఆ మనుషుల కోసమే ఆగుతారు. ఆయన పనంటే నాకు అందుకే అంత ఇష్టం. తరచూ హెలికాప్టర్ ఎక్కి, ఆ భవనం ఏ నేల మీద, ఏ ఇళ్ల నడుమ లేచిందో పైనుంచి చూపిస్తారు. తర్వాత కెమెరా చేతబట్టుకుని లోపలికి నడుస్తారు. నైజీరియాలోని లాగోస్‌లో, నీళ్లలో పాతిన కర్రల మీద ఇళ్లు కట్టుకున్న బస్తీ మకోకో. అక్కడ ఆర్కిటెక్ట్ కున్లే అడెయెమి రూపకల్పనలో 2013లో సిద్ధమైన తేలే బడిని ఆయన తీసిన ఫొటోల్లో చూడండి. త్రికోణపు చెక్క కట్టడం, దాని అడుగున నీలం ప్లాస్టిక్ పీపాలు, చుట్టూ పడవలు, వెనకాల రేకుల కప్పులు. ఆ పడవలే లేకపోతే బడి ఎంత ఎత్తో, ఎవరికోసమో మనకు తెలిసేది కాదు. వెనిజులా రాజధాని కరాకస్‌లో కట్టడం సగంలో ఆగిపోయిన 45 అంతస్తుల టవర్‌దీ అదే కథ. లిఫ్టు లేని ఆ మేడలో 28వ అంతస్తు దాకా కుటుంబాలు చేరి, ఇటుక గోడలు లేపుకుని, కొట్లు పెట్టుకుని బతికాయి. ఆ సంసారాలను ఆయన దగ్గరికెళ్లి, గౌరవంగా చూపించారు. జాలి పుట్టించే ప్రయత్నం ఎక్కడా కనిపించదు. మకోకో బడి 2016లో కూలిపోయింది. ఆ నీళ్ల మీద అది ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు ఫొటోలే దిక్కు. మన ఊళ్లో కొత్త భవనాలను ఫొటో తీసేవాళ్లకు ఒక్క మాట: ఎదురుగా ఉన్న టీ కొట్టును ఫ్రేములోంచి తీసేయకండి.