మహాసరస్సులపై చిన్న పడవలు: ఆపద సంకేతాలు ఎంతవరకు పనికివస్తాయి?

సరస్సు అనగానే విద్యార్థి మనస్సులో అవతలి ఒడ్డు కనిపించే నీరు మెదులుతుంది. ఉత్తర అమెరికాలో అమెరికా, కెనడాల సరిహద్దున ఉన్న సుపీరియర్ సరస్సు అటువంటిది కాదు. దాని వైశాల్యం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం. పొడవు 560 కి.మీ.; వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 257 కి.మీ.; లోతు ఒకచోట 406 మీటర్లు. నడుమ నిలిచిన పడవకు నాలుగు దిక్కులా నీరే. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే 222 మీటర్ల సరుకుల ఓడ ఈ సరస్సులో 29 మందితో మునిగిపోయింది. ఓడలో రేడియో పనిచేస్తూనే ఉన్నది. కొద్ది మైళ్ళ వెనుక వస్తున్న మరొక ఓడ దానితో మాట్లాడుతూనే ఉన్నది. అయినా ఆపద పిలుపు ఒక్కటీ వెలువడలేదు. అంత ఓడకే వ్యవధి చిక్కనప్పుడు, అయిదు మీటర్ల పడవలో చేపలు పట్టబోయిన ఇద్దరి మాట చెప్పనక్కరలేదు.

ఇటువంటి పడవల్లో ఆపదవేళ ఉపయోగించే సాధనాలు ఏమి ఉండాలో అమెరికా నిబంధనలు చెబుతున్నవి. మహాసరస్సులపై 16 అడుగులకు తగ్గని పడవ సాధారణంగా పగటికీ రాత్రికీ పనికివచ్చే దృశ్యసంకేతాలను ఉంచుకోవాలి. అంతకంటె చిన్నదైతే రాత్రి తిరిగేటప్పుడు మాత్రమే చాలును. ఫ్లేర్లు అని పిలిచే ఎర్రజ్వాలలైతే కనీసం మూడు ఉండాలి. తయారైన 42 నెలలకు వాటి గడువు తీరుతుంది. రేడియో విషయమేమిటి? 20 మీటర్లకు తక్కువైన విహార పడవలకు అది తప్పనిసరి కాదు. ఈ నిబంధనను విమర్శించవలసినది ఇక్కడనే. కంటికి కనిపించే దానిని తప్పనిసరి చేసి, చెవికి వినిపించే దానిని పడవవాని ఇష్టానికి వదిలివేశారు.

ఫ్లేర్ నిరుపయోగమని ఎవరూ అనరు. పెద్ద ఓడల ప్రమాణానికి సరిపోయే చేతి ఫ్లేర్ 15,000 కాండెలాల కాంతితో ఒక నిమిషం మండుతుంది. వెదకవచ్చిన హెలికాప్టరుకు చీకటిలో అంతకంటె మంచి గుర్తు లేదు. కాని చిన్న పడవవారు తరచుగా కొనేది పిస్తోలు వంటి గొట్టంతో ఆకాశంలోకి పేల్చే చవకరకం. దాని జ్వాల ఆరేడు సెకన్లు మాత్రమే నిలుస్తుంది. అటువంటివి మూడుంటే నిబంధన నెరవేరినట్లే. మూడింటి వెలుగూ కలిపినా అర నిమిషం నిండదు. ఆ అర నిమిషంలో ఎవరో ఒకరు సరిగా ఆ దిక్కునే చూస్తూ ఉండాలి, చూచినది పండుగ బాణసంచా అనుకోకుండా ఉండాలి. నల్లని చతురస్రం, వృత్తం గల నారింజరంగు జెండా కూడా పగటి సంకేతంగా చెల్లుతుంది. దాని అర్థం ఒడ్డున తిరిగేవారిలో ఎందరికి తెలుసునో అడిగి చూడవచ్చు.

విచిత్రమేమంటే, వీటన్నిటికంటె ప్రకాశవంతమైన సాధనం ఈ తప్పనిసరి జాబితాలో లేనేలేదు. అది అరచేతిలో పట్టే అద్దం. అద్దం నుంచి వచ్చేది సూర్యుని వెలుగే కనుక, అద్దం చిన్నదైనా ఆ వెలుగు సూటిగా పడినచోట దాని తీక్షణత పది లక్షల కాండెలాలు దాటుతుంది. సూర్యబింబం మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పుగా కనబడుతుంది గనుక పరావర్తన కిరణపుంజం కూడా అర డిగ్రీ మేర విచ్చుకుంటుంది. అంటే 10 కి.మీ. దూరాన ఆ వెలుగు సుమారు 90 మీటర్ల వెడల్పు గల మచ్చగా పడుతుంది. గురి తప్పితే అంతా వ్యర్థం. అందుకే చేయి చాచి, రెండు వేళ్ళను విడదీసి, వాటి సందున దూరపు పడవను చూస్తూ, అద్దపు వెలుగును ఆ వేళ్ళపై ఆడించాలి. పాఠశాల ఆవరణలో ఎండవేళ దూరపు గోడపై ఈ ప్రయోగం చేయించవచ్చును (మనుష్యుల కళ్ళపై కాదు). మబ్బు పట్టిన రోజున మాత్రం అద్దానికి విలువ లేదు. సుపీరియర్ నవంబరులో మబ్బుకు కొదవ లేదు.

ఇక రేడియో. చిన్న పడవలకు తగినది వి.హెచ్.ఎఫ్. రకం. దాని 16వ చానెలు, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఆపద పిలుపులకు కేటాయించినది. ఆ పిలుపును తీరరక్షక దళమే కాక, ఆ చానెలు విప్పిపెట్టుకున్న ప్రతి పడవా వింటుంది. చూచేవాడు ఇటు తిరిగి ఉండనక్కరలేదు. రేడియోకు గల పరిమితి భూమి గుండ్రదనమే. ఏంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. పడవలో కూర్చున్నవాని చేతిలోని ఏంటెనా నీటికి ఒక మీటరు పైన ఉంటే దాని దిగంతం 4 కి.మీ. చిల్లర. అటువంటి రెండు పడవలు 8 కి.మీ. దాటి మాట్లాడుకోలేవు. అదే ఒడ్డున 100 మీటర్ల స్తంభం ఉంటే దాని దిగంతం 41 కి.మీ.; రెండూ కలిపి 45. రేడియో శక్తి 5 వాట్లా 25 వాట్లా అనేదానికంటె ఒడ్డున స్తంభం ఎత్తు ఎంత అనేదే ముఖ్యమని ఈ లెక్క తెలుపుతుంది. అమెరికా తీరరక్షక దళపు స్తంభాలను, రెండు మీటర్ల ఎత్తున ఉన్న ఒక వాట్ రేడియోను 20 నాటికల్ మైళ్ళ వరకు, అంటే 37 కి.మీ. వరకు, వినగలిగేటట్లు నిర్మించారు. 257 కి.మీ. వెడల్పు గల సరస్సుకు నడిభాగం ఈ హామీలోకి రాదు.

కొత్త రేడియోలలో ఎర్ర మీట ఒకటి ఉన్నది. దానిని నొక్కితే 70వ చానెలుపై పడవ గుర్తింపు సంఖ్య, జి.పి.ఎస్. చెప్పిన స్థానం మాటలతో పనిలేకుండా వెళ్ళిపోతాయి. పేరు సరిగా పలకలేని కంగారులో ఇది గొప్ప మేలు. కాని తీరరక్షక దళం ఒకప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారం ఇటువంటి పిలుపులలో పదింట సుమారు తొమ్మిదింటిలో స్థానం లేదు. సగానికి మించి వాటిలో నమోదైన గుర్తింపు లేదు. రేడియోకు జి.పి.ఎస్. తీగ కలపకపోవడం, సంఖ్య నమోదు చేయకపోవడం ఇందుకు కారణాలు. సాధనం కొన్నవారు దానిని సగమే కొన్నట్లయింది.

సాధనాలను బేరీజు వేయడానికి దుకాణపు బల్ల సరైన చోటు కాదు. సుపీరియర్ నీటి సగటు ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెంటీగ్రేడు. చన్నీటి ప్రమాదాలను పరిశోధించిన కెనడా శాస్త్రజ్ఞుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అనే సూత్రం చెప్పాడు. నీట పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. ఆ తరువాత సుమారు పది నిమిషాలు కాళ్ళూ చేతులూ చెప్పినట్లు వింటాయి. సుమారు ఒక గంటకు దేహం చల్లబడి స్పృహ తప్పుతుంది. అంటే సంకేతం పంపగల వ్యవధి పది నిమిషాలు. అప్పుడు పడవ బోర్లపడి ఉన్నది, ఫ్లేర్ల పెట్టె పడవలో ఉన్నది. మొద్దుబారిన వేళ్ళతో ఫ్లేర్ మూత తిప్పాలి, దానిపై గీసి వెలిగించాలి. లైఫ్ జాకెట్‌కు కట్టుకోని సాధనం ఏదైనా, ఎంత ఖరీదైనా, ఆ పది నిమిషాలలో లేనట్టే. ఈల ఒక్కటి ఈ పరీక్షలో తేలికగా నెగ్గుతుంది. గాలికి ఎదురుగా మాత్రం ఎక్కువ దూరం పోదు.

ఈ పరీక్షకు నిలిచే మరొక సాధనం జేబులో పట్టే ఉపగ్రహ బీకన్. అమెరికాలో 2003 జూలై నుంచి దీనిని సామాన్యులు వాడవచ్చు. ఏంటెనా విప్పి మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌పై ప్రతి 50 సెకన్లకు ఒకసారి అర సెకను పిలుపు కనీసం 24 గంటలు పోతూనే ఉంటుంది. దీనిని వినే ఉపగ్రహాలను అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ దేశాలు కలసి ఏర్పరచాయి. మొదటిది 1982 జూన్ 30న ఎగిరింది. ఆ ఉపగ్రహం దగ్గరికి వస్తున్నప్పుడు పౌనఃపున్యం కొంచెం ఎక్కువగానూ, దాటిపోతున్నప్పుడు తక్కువగానూ అందుతుంది. స్టేషను దాటే రైలు కూతలో వినబడే డాప్లర్ ఫలితమే ఇది. 406 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ మార్పు సుమారు 9 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆ మార్పు తీరును బట్టి బీకన్ స్థానం లెక్కకట్టారు. నేడు అనేక ఉపగ్రహాలు ఒకేసారి వింటున్నవి గనుక నిమిషాలలోనే తెలుస్తున్నది. 121.5 మెగాహెర్ట్జ్ పాత బీకన్లను మాత్రం ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానివేశాయి. ఎవరివో తెలియని తప్పుడు పిలుపులు వాటిలో లెక్కకు మించాయి. అటకపై పాత బీకన్ ఉన్నదని ధైర్యపడేవారు ఇది గమనించాలి.

బీకన్‌కూ లోపాలున్నవి. పక్కనే పోతున్న పడవకు దాని పిలుపు వినబడదు. చాలా రకాలలో ఏంటెనాను నీటి పైకి చేతితో పట్టుకోవాలి. పిలుపు అందినదో లేదో నీటిలో ఉన్నవానికి తెలియకపోవడం చాలాకాలం పెద్ద కొరతగా ఉన్నది. 2020 జనవరి నుంచి యూరపు గెలీలియో ఉపగ్రహాలు, అందినదనే జవాబును తగిన బీకన్లకు తిరిగి పంపుతున్నవి.

సెల్‌ఫోను సంగతి క్లుప్తం. దాని స్తంభాలు భూమిపై నివసించే జనం కోసం కట్టినవి. తడి వేళ్ళకు తెర లొంగదు. 2022 నుంచి కొన్ని ఫోన్లు ఉపగ్రహానికి సందేశం పంపగలుగుతున్నవి, కాని ఆకాశం వైపు నిలకడగా గురిపెట్టి ప్రశ్నలకు జవాబులు నొక్కే తీరిక ఈదుతున్నవానికి ఉండదు. చికాగో, డెట్రాయిట్‌లలోని తెలుగు కుటుంబాల పిల్లలు వేసవిలో అద్దె పడవలెక్కేటప్పుడు జేబులో సాధారణంగా ఉండేది ఇదొక్కటే.

బీకన్‌ను కొన్నవారు నమోదు చేసుకోవాలి. అమెరికాలో అది ఉచితం, రెండేళ్ళకొకసారి సరిచూడాలి. పిలుపు రాగానే రక్షణకేంద్రం వారు నమోదులోని ఫోనుకు మాట్లాడతారు. ఫోను ఎత్తిన తల్లిగాని తమ్ముడుగాని, పడవ ఏ రేవు నుంచి బయలుదేరినదో, దాని రంగు ఏమిటో, అందులో ఎందరున్నారో, సాయంత్రం ఎన్ని గంటలకు తిరిగి రావలసి ఉన్నదో చెప్పగలగాలి.