స్వతంత్ర రచయితగా శ్రీశ్రీ: రాజకీయ ఆశాభంగం - సృజన మార్గాలు

శ్రీశ్రీ కవిత్వాన్ని 'మహాప్రస్థానం' వరకు ఒక దశగా, ఆ తరువాతిది క్షీణదశగా పరిగణించడం తెలుగు విమర్శలో తరచుగా కనిపించే ధోరణి. సినిమా ఆయన కలాన్ని కొనివేసిందనీ, రాజకీయ నిరాశ గొంతును కుంగదీసిందనీ ఇందుకు రెండు కారణాలు చెబుతారు. అవి నిరాధారాలు కావు. కానీ కలాన్నే జీవనాధారంగా చేసుకున్న రచయిత స్థితిని పరిగణించకపోతే అసంపూర్ణాలు.

1950లో బందరు నుంచి నళినీకుమార్ 'మహాప్రస్థానం' ప్రచురించారు. అదే ఏడాది విడుదలైన డబ్బింగ్ చిత్రం 'ఆహుతి'కి మాటలు, పాటలు శ్రీశ్రీవే. కవితలలో అధికభాగం 1930ల నాటివి. కనుక 'ముందు కవిత, తరువాత సినిమా' అన్న క్రమం రచనాకాలానికి వర్తిస్తుంది గాని ప్రచురణకు వర్తించదు. సంపుటిగా పాఠకులకు చేరేనాటికే ఆ కవి మద్రాసు చిత్రపరిశ్రమలో శ్రామికుడు.

1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికలు రెండవ మలుపు. ముసునూరు, నూజివీడు మామిడితోటల సీమ నాడు కృష్ణాజిల్లాలోనిదే. ఆ జిల్లా కమ్యూనిస్టు ఉద్యమానికి బలమైన స్థావరం. అయినా రాష్ట్రం మొత్తంమీద 196 స్థానాలలో ఆ పార్టీకి దక్కినవి 15 మాత్రమే. ప్రచారంలో పాల్గొన్న శ్రీశ్రీ ఆ తరువాత తీవ్రమైన మానసిక అస్వస్థతకు లోనయ్యారు. అయితే పార్టీకి పోలైన ఓట్లు సుమారు 31 శాతం. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఆయన ఆశాభంగ స్వభావాన్ని తెలుపుతుంది. కవికి శ్రోతలు మిగిలారు. అధికారం చేతికందుతుందన్న నమ్మకం మిగలలేదు.

ఆ తరువాతి సృజన మూడు పాయలుగా సాగింది. మొదటిది 'ఖడ్గసృష్టి' (1966). ఇందులోని 'శరచ్చంద్రిక'లో 'మహాప్రస్థానం' నాటి కవాతు లయ లేదు. సంభాషణ ధోరణి ఉంది. సమూహాన్ని నడిపించే స్వరం స్థానంలో తనతో తాను వాదించుకునే స్వరం వినిపిస్తుంది. రెండవది పదక్రీడ. ఛందస్సు సంకెళ్లను తెంచిన కవి 'సిరిసిరిమువ్వ' శతకానికి కందాన్ని ఎన్నుకోవడం వైరుధ్యంగా తోచవచ్చు. కాని పరభాషా నటుల పెదవుల కదలికకు తెలుగు అక్షరాలను అమర్చడం వృత్తిగా చేసుకున్న రచయితకు నియమం శత్రువు కాదు, పనిముట్టు. మూడవది సినిమా పాట. 'అల్లూరి సీతారామరాజు' (1974) చిత్రగీతం ఆయనకు ఉత్తమ గేయరచయితగా జాతీయ పురస్కారం తెచ్చింది. సభావేదిక చేరలేని శ్రోతలను ఆ పాట చేరింది.

ఇక్కడే ఒక పరిమితినీ గుర్తించాలి. ఆ పాట ధిక్కరించిన ప్రభువు అప్పటికే దేశం విడిచిపోయిన ప్రభువు. 1970లో విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షుడైన కవి వర్తమాన రాజ్యాన్ని ప్రశ్నించడానికి 'మరోప్రస్థానం' (1980) వంటి పుస్తకం కావలసి వచ్చింది. వీరత్వానికి వెల కట్టిన మార్కెట్టు, ఆ వీరత్వం ఎవరిమీద ప్రయోగించాలన్న నిర్ణయాన్ని కవికి వదలలేదు. స్వతంత్ర రచయితకున్న స్వాతంత్ర్యానికి అదే హద్దు.

కావున 1955 తరువాతి శ్రీశ్రీని క్షీణించిన కవి అనడం కంటే, ఒకే గొంతును మూడు వేదికలకు పంచుకోవలసి వచ్చిన కవి అనడం సమంజసం. ఆ పంపకంలో కవిత్వ సాంద్రత కొంత తగ్గిన మాట నిజమే. కాని ఆ నష్టానికి కారణాన్ని కవి నిబద్ధతలో మాత్రమే వెదకడం న్యాయం కాదు. తెలుగు సమాజం కవికి పూలదండలు వేసింది, సన్మానాలు చేసింది. కవిత్వం మీద బతికే వీలును మాత్రం కల్పించలేదు. సినిమా రచనను అనుబంధంలోకి నెట్టకుండా కవితతోపాటు ఒకే కాలక్రమంలో చదివినప్పుడే శ్రీశ్రీ ఉత్తరదశకు సరైన విలువ కట్టగలం.