కాన్వెంటూ ఊరిబడీ: మన కథలు దాటేసిన ప్రశ్న

పిల్లవాణ్ణి ఏ బడిలో వెయ్యాలన్నది తెలుగు కథకు కొత్త ఇతివృత్తం కాదు. ఊళ్లలోకి కాన్వెంటు చదువు పాకినప్పటినుంచి ఈ వస్తువుతో కథలు వస్తూనే ఉన్నాయి. వాటిని వరసపెట్టి చదివినవాళ్లకు ఒక మూస కళ్లకు కడుతుంది. తండ్రి ఆదర్శవాది, సాధారణంగా ఉపాధ్యాయుడో గుమాస్తానో. తల్లికి కాన్వెంటు మోజు. పక్కింటి పిల్ల ఇంగ్లీషు రైము అప్పజెప్పడంతో ఇంట్లో ఘర్షణ మొదలవుతుంది. పిల్లవాడు టై కట్టుకుని ఆటో ఎక్కుతాడు. ఫీజులకోసం ఇల్లు అప్పులపాలవుతుంది. చివరకు పిల్లవాడు జబ్బు పడతాడు, లేదా 'డాడీ' అని పిలిచి తండ్రి మనసు గాయపరుస్తాడు. తండ్రి తన చిన్ననాటి వీధిబడినీ, పంతులుగారి బెత్తాన్నీ, చెట్టునీడనూ తలచుకుని నిట్టూరుస్తాడు. కథ ముగుస్తుంది.

ఈ కథలు అబద్ధాలని అనడం లేదు. వాటిలోని అప్పులు నిజమే, పిల్లవాడి వీపుమీది బరువూ నిజమే. అయితే వీటిలో ఒక ముఖ్యమైన పాత్ర ఎక్కడా కనిపించదు. కథానాయకుడి కొడుకు ఆటో ఎక్కిన రోజున ఊరిబడిలో ఖాళీ అయిన చోటు పక్కన కూర్చున్న పిల్లవాడే ఆ పాత్ర. వాడి ఇంట్లో ఏ బడి అన్న చర్చ జరగలేదు. తల్లి నాట్లకు పోయింది, తండ్రి చేపల చెరువు మీద కాపలాకు పోయాడు. మన కథ ఆటో వెంట కాన్వెంటు వాకిలిదాకా పోయి, అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి వచ్చేస్తుంది. ఊరిబడి వైపు తొంగిచూడదు. బడి ఎంపికను మన కథకులు ఇంటి నీతి సమస్యగా చూశారు. అది ఊరి సమస్య, వర్గాల మధ్య, కులాల మధ్య ఉన్న సంబంధాల సమస్య. అలా చూడనంతకాలం కథ ఎంత ఆర్ద్రంగా ఉన్నా వాస్తవికతకు సగం దారిలోనే ఆగిపోతుంది.

పూర్వ రచయితలు ఈ విషయంలో మనకంటే ముందున్నారని ఒప్పుకోక తప్పదు. 'కన్యాశుల్కం' (1897, తిరగరాసిన కూర్పు 1909)లో వెంకటేశం ఇంగ్లీషు చదువు కేవలం హాస్యంకోసం పెట్టిన సన్నివేశం కాదు. ఆ చదువు ఖర్చు చూసి అగ్నిహోత్రావధాన్లు మండిపడతాడు. వెంకమ్మ మాత్రం కొడుకు ఇంగ్లీషు చదివి తీరాలంటుంది. ఆమె పట్టుదలను గురజాడ తల్లి మోజుగా వెక్కిరించి వదిలెయ్యలేదు. సర్కారు కొలువుకు దారి ఏ చదువు గుండా పోతుందో అగ్రహారపు ఇల్లాలు పసిగట్టింది. అంతకుమించిన సత్యం మరొకటి ఆ నాటకంలో ఉంది. ఒకే ఇంటి జమాఖర్చుల్లో కొడుకు చదువు ఖర్చు పద్దులోనూ, కూతురి పెళ్లి రాబడి పద్దులోనూ ఉన్నాయి. ఏ పిల్లమీద పెట్టుబడి పెట్టాలి, ఏ పిల్లను అమ్మాలి అన్న లెక్క ఒకే కలంతో నడుస్తోంది. నేటి డెల్టా ఇళ్లలో కొడుకును కాన్వెంటుకూ, కూతుర్ని ఊరిబడికీ పంపే తల్లిదండ్రులు ఆ లెక్కకు వారసులే. మన మూస కథలో పిల్లవాడు దాదాపు ఎప్పుడూ మగపిల్లవాడే కావడం యాదృచ్ఛికమా?

కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల అక్షరాలు దిద్దే వయసునుంచి సుందరాన్ని వెంటాడుతుంది. అక్కడ బడి గాలిలో వేలాడదు. దాని చుట్టూ మొదటి ప్రపంచయుద్ధం ఉంది, జాతీయోద్యమం ఉంది, ఆర్థిక మాంద్యం ఉంది. పై చదువులు చదివినా ఉద్యోగం ఎందుకు రాలేదన్న దానికి జవాబు సుందరం తెలివిలోనో, తల్లిదండ్రుల తెలివితక్కువలోనో దొరకదు. కుటుంబరావు ఆ జవాబును కాలంలో వెతికాడు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఇదే ప్రశ్నను మరో కొసనుంచి అందుకుంది. దొడ్లో పశువుల దగ్గర ఉండవలసిన కుర్రవాడు పుస్తకం పట్టడమే అక్కడ తిరుగుబాటు. ఈ మూడు రచనల్లోనూ బడి అంటే సమాజం తన మనుషులను వేరుచేసే గుమ్మం. ఆ గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారు, ఎవరు ఆపారు అన్నదే ఇతివృత్తం. మన తరం కథలో గుమ్మం పోయి ఇంటిలోపలి గది మిగిలింది.

ఈ మాటను ఒక ప్రాంతానికి అన్వయించి చూద్దాం. గుడివాడ నుంచి బందరు పోయే రైలుమార్గంలో గుడ్లవల్లేరు ఉంది. బడుల మధ్య తేడా ఈ జిల్లాకు కాన్వెంటుతో వచ్చింది కాదు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ స్థాపించిన ఇంగ్లీషు పాఠశాల అగ్రకులాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని మొదలైంది. పైవాళ్లకు చదువు చెబితే అది కిందికి ఇంకుతుందన్నది ఆనాటి నమ్మకం. ఆ చదువుకు పోటీగా కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల పూనికతో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. పరాయి చదువుకు ఎదురు నిలవడం సామాన్యమైన పని కాదు. అయినా అప్పటికీ పల్లెల్లో మాలమాదిగ పిల్లలకు దిక్కు మిషన్ బడే. తరవాత మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ వాళ్లకోసం వేరే బడులు తెరిచింది. అంటే పక్కపక్కనే ఉన్న ఊరికీ పల్లెకూ రెండు బడులు. కాన్వెంటు రాకముందు మనకు అందరూ కలిసి చదివిన బంగారు వీధిబడి ఒకటి ఉండేదన్న కథకుల నమ్మకాన్ని ఈ చరిత్ర నిలవనివ్వదు. చెట్టునీడను తలచుకుని కన్నీరు పెట్టేవాడు ఆ నీడలో ఎవరెవరు కూర్చోగలిగారో కూడా చెప్పాలి.

గుడ్లవల్లేరు మండలంలోనే అంగలూరు ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన ఊరు. తపస్సు చేసినందుకు తల పోగొట్టుకున్న శంబుకుడి పక్షాన 'శంబుకవధ' నాటకం రాసినవాడు ఆయన. జ్ఞానానికి అర్హుడెవరన్న ప్రశ్నను అంత సూటిగా అడిగినవాళ్లు తెలుగులో తక్కువ. ఆ అంగలూరులోనే ఇప్పుడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయులను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్ ఉంది, 1998లో వచ్చిన ఇంజనీరింగు కళాశాల ఉంది. ఇంజనీరింగుకోసం ఎక్కడెక్కడి పిల్లలో ఈ ఊరికి వస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ఒకటో తరగతికే పసుపుపచ్చ బస్సెక్కి గుడివాడ వైపు పోతారు. శంబుకుడి ప్రశ్న రూపం మార్చుకుని ఇక్కడే తిరుగుతోంది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ బడికి రావద్దనరు. తామే లేచి వేరే బడికి పోతారు.

ఈ లేచిపోవడం వల్ల ఏం జరుగుతుందో మన కథలు చెప్పవు. ముందు పెద్ద రైతు పిల్లలు పోతారు. వాళ్లతోపాటు, బడికి గోడ కూలితే మండలాఫీసుకు పోయి అడగగల గొంతు పోతుంది. సంఖ్య తగ్గిందని ఉపాధ్యాయ పోస్టు తగ్గుతుంది. ఒక్క పంతులు అయిదు తరగతులకు చెప్పవలసి వస్తుంది. దాన్ని చూసి చిన్న రైతు, కౌలుదారు, మేస్త్రీ కూడా అప్పు చేసి పిల్లను బస్సెక్కిస్తారు. చివరకు మిగిలేది ఎటూ పోలేనివాళ్లు. అప్పుడు ఆ బడిని చూపించి 'సర్కారు బడి ఎందుకూ పనికిరాదు' అంటారు. అంటే అది చెడిపోయినందుకు జనం పోయారనడం సగం నిజం. కొందరు పోయినందుకే అది చెడిందన్నది మిగతా సగం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1966లో నివేదిక ఇచ్చిన కొఠారి కమిషన్ ఈ ప్రమాదాన్ని గుర్తించి, కులమతాలూ ఆస్తిపాస్తులూ చూడకుండా చుట్టుపక్కల పిల్లలందరూ చదివే పొరుగుబడిని ప్రతిపాదించింది. డబ్బున్నవాళ్లు తమ పిల్లలను విడిగా చదివించుకోవడం వల్ల ఆ పిల్లలకూ నష్టమేనని, పేదల జీవితంతో వాళ్లకు పరిచయమే లేకుండా పోతుందని అది హెచ్చరించింది. 1968 జాతీయ విద్యావిధానం ఈ సూత్రాన్ని కాగితం మీద ఆమోదించింది. ఆచరణలో ప్రభుత్వమే ఏరివేత దారి పట్టింది. 1971లో సర్వేల్ గురుకులం, 1986 విధానం తరవాత నవోదయలు వచ్చాయి. అవి వేలమంది పేదపిల్లలకు దారి చూపించాయి, కాదనలేం. కాని ఏరుకున్నవాళ్లకు మంచి బడి ఇస్తే, ఏరగా మిగిలినవాళ్ల బడి ఏమవుతుంది? 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగోవంతు సీట్లు బలహీనవర్గాలకు ఇవ్వమంది. ఆంధ్రప్రదేశ్‌లో అది అమలుకు రావడానికే పుష్కరకాలం పట్టింది. వచ్చినా అది పేదపిల్లల్లో కొందరిని బస్సెక్కించే పథకమే, బస్సు అక్కర్లేని బడిని ఇచ్చే పథకం కాదు.

2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనం తల్లుల చేతికి డబ్బు ఇచ్చాయి. కూలితల్లికి ఆ డబ్బు విలువ ఎంతో తెలిసినవాళ్లు దాన్ని ఎగతాళి చెయ్యరు. అయితే ప్రభుత్వ బడికి పంపినా ప్రైవేటు బడికి పంపినా ఆ సొమ్ము వస్తుందన్నది గమనించాలి. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించిన 117వ జీవో ఎన్నో ఊరిబడులను రెండు తరగతుల బడులుగా కుదించింది. 2025లో ఆ జీవోను ఎత్తేశారు. పాలకులు ఎవరైనా ఒక దృష్టి మాత్రం స్థిరంగా ఉంది: బడి అంటే తల్లిదండ్రులు కొనుక్కునే సరుకు; ప్రభుత్వం పని చేతిలో డబ్బు పెట్టడం. 'ఎంపిక' అన్న మాట అలా పుట్టింది. మన కథకులు ఆ మాటను ప్రశ్నించకుండా తమ కథల్లోకి తీసుకున్నారు. వాళ్ల కథలోని తండ్రి బాధ నిజంగా కొనుగోలుదారు బాధ. సరుకు బాగుందా, ధర ఎక్కువా అన్నదే అతని మీమాంస.

ఇక ఇంగ్లీషు మాధ్యమం సంగతి. 2019 నవంబరులో 81వ జీవో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చబోయింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కొద్ది నెలల్లో రచయితలు రెండుగా చీలిపోయారు. మాతృభాషలో చదివితేనే పిల్లవాడి బుద్ధి వికసిస్తుందన్న వాదం శాస్త్రీయమైనదే. కాని దళిత, వెనకబడిన కులాల మేధావులు వేసిన ఎదురుప్రశ్నకు భాషాభిమానులు సరిగా జవాబు చెప్పలేదు: మీ పిల్లలు ఇంగ్లీషులో చదువుకుంటున్నంతకాలం తెలుగును కాపాడే భారం మా పిల్లలే ఎందుకు మొయ్యాలి? రచయిత సొంత పిల్లలు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి వాదన నిజానిజాలు తేలవన్నది తర్కం. నిజమే. అయినా సాహిత్యంలో రచయిత నిలబడిన చోటు మాట బరువును మార్చేస్తుంది. కాన్వెంటు ఫీజు రసీదు జేబులో పెట్టుకుని తెలుగుబడి మీద రాసిన విలాపగీతం పల్లెలో ఎవరి చెవికీ ఎక్కదు. రెండువైపులవాళ్లూ ఒక విషయం మరిచిపోయారు. తీర్పు చెప్పేవాళ్ల పిల్లలు అప్పటికే వెళ్లిపోయిన బడిలో ఏ భాష ఉండాలని చర్చ జరిగింది. 2015లో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపాలని చెప్పినప్పుడు నవ్వినవాళ్లు ఎక్కువ. ఆ తీర్పు వేలు పెట్టింది మాత్రం సరైన చోటే. అందరి పిల్లలూ ఒకే బడిలో ఉంటే మాధ్యమం చర్చ మరోలా జరిగి ఉండేది.

మరి కథకుడు ఏం రాయాలి? కాన్వెంటుకు పంపిన తల్లిని దోషిగా నిలబెట్టడం సులభం. ఆమెకు మంచి బడి నడిచి వెళ్లే దూరంలో ఎవరూ ఇవ్వలేదు. ఆమెను క్షమించడంతో సరిపెట్టుకోవడమూ సులభమే. నామిని సుబ్రహ్మణ్యంనాయుడు 'చదువులా చావులా'లో పిల్లల పక్షాన నిలబడి బట్టీ చదువులను దుమ్మెత్తిపోశాడు. ఆ కోపం మనకు కావాలి. దానికి తోడు, 1967లో ఇటలీలోని బార్బియానా అనే కొండపల్లె నుంచి ఎనిమిదిమంది రైతుబిడ్డలు తమ పాతిరి గురువు డాన్ మిలాని దగ్గర చదువుకుంటూ ఒక ఉపాధ్యాయురాలికి రాసిన బహిరంగలేఖ చూపించిన పద్ధతి కావాలి. పరీక్ష తప్పేది ఎవరి పిల్లలు, వాళ్ల తండ్రులు ఏ పని చేస్తారు అని ఆ పిల్లలు లెక్కలు కట్టారు. కోపానికి లెక్క తోడైనప్పుడు అది నిట్టూర్పుగా ముగియలేదు.

మన రచయితల్లో ఉపాధ్యాయులు ఎక్కువ. ఒకే గదిలో అయిదు తరగతులకు పాఠం చెప్పడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మధ్యాహ్నభోజనం వండే ఆమెకు నెలల తరబడి బిల్లు రాకపోతే పప్పు ఎక్కణ్ణుంచి తెస్తుందో వాళ్లకు తెలుసు. చేపల చెరువుల మీదికి వలసవచ్చిన కుటుంబం ఖాళీ చేసి పోతే హాజరుపట్టీలో ఏ పేరు కొట్టేయాలో తెలుసు. తెల్లారి బస్సు వచ్చినప్పుడు ఎక్కే పిల్లా, ఎక్కని పిల్లా ఒకరినొకరు ఎలా చూసుకుంటారో తెలుసు. ఇన్ని తెలిసినా కథ రాయడానికి కూర్చోగానే వాళ్ల కలం తమ ఇంటి హాలులోకి నడుస్తోంది. ఆ కలాన్ని బడి గదిలోకి మళ్లించాలి. రిజిస్టరులో మిగిలిన పన్నెండు పేర్లలో ఒక్కొక్క పేరూ ఒక కథ. ఆ పన్నెండుమంది అక్కడ ఎందుకు మిగిలారో, మిగతావాళ్లను అక్కణ్ణుంచి ఎవరు, ఎందుకు తీసుకుపోయారో రాసినప్పుడు, ఏ బడి అన్న ప్రశ్న ఇంటిగడప దాటి ఊరి మధ్యకు వస్తుంది. సమాధానం వెతకవలసింది అక్కడే.